పదమూడున్నర గంటల కోసం నాలుగు నెలలు

సైకిల్‌పై ఒక్క రోజులో 200 కిలోమీటర్లు వెళ్లడం అనగానే అది ఆరితేరిన క్రీడాకారులకే సాధ్యమని చాలామంది భావిస్తారు గాని, ఈ దూరానికి ప్రపంచమంతటా అమలులో ఉన్న నిబంధనలను పరిశీలిస్తే అవి క్రీడాకారులను దృష్టిలో పెట్టుకొని రూపొందినవి కావని స్పష్టమవుతుంది. ‘బ్రెవె’ అని పిలిచే ఈ ప్రయాణాల్లో 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషాలు, 300 కిలోమీటర్లకు 20 గంటలు, 400 కిలోమీటర్లకు 27 గంటలు, 600 కిలోమీటర్లకు 40 గంటలు గడువుగా ఉంటుంది. బ్రెవె అంటే ఫ్రెంచి భాషలో ధ్రువపత్రం. గడువులోగా దూరాన్ని ముగించినవారికి ఆ పత్రం దక్కుతుంది, అలా దక్కించుకొన్నవారిని ‘రాండొన్యూర్’ అంటారు. దారిలో అక్కడక్కడ ఉండే తనిఖీ కేంద్రాలకు నిర్ణీత వేళల్లో చేరుకొన్నట్టు కార్డుపై ముద్ర వేయించుకోవాలి, రాత్రివేళ సైకిల్‌కు ముందూ వెనకా దీపాలు వెలగాలి, ఒంటిపై వెలుతురును ప్రతిఫలించే జాకెట్ ఉండాలి, సొంత వాహనం వెంట రాకూడదు. ఇంతకుమించి ఈ ప్రయాణం కోరేదేమీ లేదు. ముందు వచ్చినవారికి బహుమతి గాని, వెనక వచ్చినవారికి తక్కువ స్థానం గాని ఇందులో ఉండవు.

ముప్పై, నలభై ఏళ్ల వయసులో, ఉద్యోగమూ సంసారమూ రోజంతటినీ ఆక్రమించుకొన్న దశలో, నలుగురైదుగురు మిత్రులు కలిసి ఏదైనా పెద్ద దూరాన్ని సాధించాలని సంకల్పించినప్పుడు 200 కిలోమీటర్ల బ్రెవెను మొదటి మజిలీగా ఎంచుకోవడానికి ఈ ఔదార్యమే కారణం. భారతదేశంలో ఈ ప్రయాణాలను ఆడాక్స్ ఇండియా రాండొన్యూర్స్ అనే సంస్థ పర్యవేక్షిస్తుండగా, హైదరాబాద్‌తో సహా అనేక నగరాల్లోని సైక్లింగ్ క్లబ్బులు దాని అనుబంధంతో వాటిని నిర్వహిస్తున్నాయి. అయితే గడువు ఉదారంగా ఉన్నంత మాత్రాన శరీరం దానంతటదే సిద్ధం కాదు. వారానికొకసారి 20 కిలోమీటర్లు తొక్కే మనిషి 200 కిలోమీటర్లకు చేరడానికి సుమారు నాలుగు నెలలు పడుతుంది. ఆ నాలుగు నెలల్లో ఒంటిలో జరిగే మార్పులను అర్థం చేసుకొన్న బృందానికి, స్నేహం అనేది ఉత్సాహానికి మాత్రమే కాక సాధనకు కొలబద్దగానూ పనికివస్తుందని తెలుస్తుంది.

కలిసి వెళ్లడమా, ఎవరికి వారుగా వెళ్లడమా అనే ప్రశ్న ఈ క్రీడ పుట్టుకలోనే ఉంది. 1897లో ఇటలీకి చెందిన కొందరు సైక్లిస్టులు రోమ్ నుంచి నేపుల్స్ వరకు సుమారు 230 కిలోమీటర్లను పగటి వెలుతురు ఉండగానే పూర్తిచేయడానికి పూనుకొన్నారు. ‘సాహసి’ అనే అర్థమున్న లాటిన్ మాట ‘ఆడాక్స్’ అలాంటివారికి పేరుగా స్థిరపడింది. టూర్ ద ఫ్రాన్స్ పోటీని ప్రారంభించిన ఆన్రీ దెగ్రాంజ్ 1904లో ఈ పద్ధతిని ఫ్రాన్సుకు తెచ్చి నియమావళి ఏర్పరచగా, అదే ఏడాది పారిస్‌లో ఆడాక్స్ క్లబ్ పారిజియన్ ఏర్పడింది. ఆ నియమావళి ప్రకారం అందరూ ఒక నాయకుడి వెనక, అతడు నిర్ణయించిన ఒకే వేగంతో, గుంపుగా సాగవలసి ఉండేది. తరువాత దెగ్రాంజ్‌తో విభేదాలు రావడంతో క్లబ్బు 1921లో ‘స్వేచ్ఛావేగం’ అనే కొత్త పద్ధతిని ప్రవేశపెట్టింది. గడువు దాటనంతవరకు ఎవరి వేగం వారిది. నేడు ప్రపంచమంతటా జరిగే బ్రెవెలు ఈ రెండో పద్ధతికి చెందినవే. విశేషమేమిటంటే, మిత్రబృందాలు ఈ స్వేచ్ఛావేగపు నిబంధన కింద పాల్గొంటూనే, తమకు తాముగా పాత పద్ధతిని ఎంచుకొని ఒకే వేగంతో కలిసి సాగుతాయి. ఎవరూ విధించని ఆ నియమాన్ని పాటించడం ఎందుకు లాభసాటో తెలియాలంటే ముందు కాలం లెక్క చూడాలి.

గంటకు 20 కిలోమీటర్ల వేగంతో తొక్కేవారికి 200 కిలోమీటర్లు సాగడానికి 10 గంటలు పడుతుంది కాబట్టి తినడానికి, నీళ్లు నింపుకోవడానికి, పంక్చర్ వేసుకోవడానికి మూడున్నర గంటలు మిగులుతాయి. వేగాన్ని 24 కిలోమీటర్లకు పెంచితే ప్రయాణకాలం 8 గంటల 20 నిమిషాలకు తగ్గుతుంది గాని, గాలిని చీల్చుకొని పోవడానికి ప్రతి క్షణం వెచ్చించవలసిన శక్తి వేగపు ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. అంటే వేగం అయిదో వంతు పెరిగితే గాలిపై పెట్టే ఖర్చు 70 శాతానికి పైగా పెరుగుతుంది. ఆ ఖర్చుతో ఆదా అయ్యేది 1 గంట 40 నిమిషాలు. ఇక దారిలో ఆగే సంగతి చూస్తే, అయిదుగురున్న బృందంలో ఒకరు నీళ్లకు, మరొకరు ఫోటోకు, ఇంకొకరు షూ లేసు సరిచేసుకోవడానికి విడివిడిగా మూడేసిసార్లు, ఒక్కోసారి ఆరేసి నిమిషాలు ఆగితే మొత్తం 90 నిమిషాలు కరిగిపోతాయి. వేగంగా తొక్కి ఎంతో కష్టపడి సంపాదించిన సమయం ఇంచుమించు అంతా ఇలా పోతుంది. అనుభవం గల బృందాలు వేగం గురించి కాక ఆగే చోట్ల గురించి ముందుగా ఒప్పందానికి రావడం, ఆగినప్పుడు అందరూ అన్ని పనులూ ఒకేసారి ముగించుకోవడం ఇందుకే. ఈ అలవాటు కూడా కాలి కండరాల బలంలాగే ఒక్క రోజులో వచ్చేది కాదు, ఆదివారాల సాధనలో అభ్యసించవలసినది.

దూరప్రయాణానికి శరీరం సిద్ధమవడం అంటే ప్రధానంగా ఇంధనాన్ని వాడుకొనే తీరు మారడం. కండరాలు రెండు ఇంధనాలపై పనిచేస్తాయి: పిండిపదార్థాల నుంచి తయారై కండరాల్లోనూ కాలేయంలోనూ నిలువ ఉండే గ్లైకోజెన్ ఒకటి, కొవ్వు రెండోది. గ్లైకోజెన్ నిలువలు సుమారు 400 నుంచి 500 గ్రాములు, అంటే దాదాపు 2,000 కిలోకేలరీలు మాత్రమే. 200 కిలోమీటర్ల ప్రయాణానికి మాత్రం మధ్యస్థమైన బరువు గల మనిషికి 4,000 నుంచి 5,000 కిలోకేలరీల వరకు అవసరమవుతాయి. బక్కపలచని మనిషి ఒంటిలో కూడా కొవ్వు దీనికి ఎన్నో రెట్లు సరిపోయేంత ఉంటుంది గాని, కొవ్వు నెమ్మదిగా మాత్రమే కరుగుతుంది, దానికి ఆక్సిజన్ పుష్కలంగా అందాలి. ఎక్కువ తీవ్రతతో తొక్కినకొద్దీ శరీరం గ్లైకోజెన్‌ను, తక్కువ తీవ్రతతో తొక్కినకొద్దీ కొవ్వును ఎక్కువ పాళ్లలో ఖర్చు చేస్తుంది. నిదానంగా, గంటల తరబడి సాగే సాధన వల్ల కండరకణాల్లో శక్తిని ఉత్పత్తి చేసే మైటోకాండ్రియాల సంఖ్యా సామర్థ్యమూ పెరుగుతాయి, కండరాల చుట్టూ రక్తాన్ని చేరవేసే సన్నని కేశనాళికలు కొత్తగా పుట్టుకొస్తాయి, గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది. ఈ మార్పుల ఫలితంగా ఒకప్పుడు ఆయాసం తెప్పించిన వేగమే రెండు నెలల తరువాత హాయిగా తోస్తుంది.

ఇక్కడే కొత్తవారు సాధారణంగా పొరబడతారు. సాధన అంటే ఒళ్లు హూనమయ్యేదాకా శ్రమించడమని నమ్మి ప్రతి ఆదివారమూ ఒకరితో ఒకరు పోటీపడి తొక్కే బృందం, కొవ్వును వాడుకొనే శక్తిని పెంపొందించుకోవలసిన సమయాన్ని గ్లైకోజెన్‌ను హరించుకోవడంలో గడుపుతుంది. సోమ, మంగళవారాలు అలసటతో గడిచి, వారం మధ్యలో చేయవలసిన సాధన ఎగిరిపోతుంది. తగిన తీవ్రత ఏదో తెలుసుకోవడానికి ఛాతీకి కట్టుకొనే పరికరాలు, 220 నుంచి వయసును తీసివేసి గరిష్ఠ గుండెవేగాన్ని లెక్కకట్టే సూత్రమూ ఉన్నాయి గాని, ఆ సూత్రం వ్యక్తికీ వ్యక్తికీ పదీ పన్నెండు స్పందనల దాకా తేడా చూపుతుంది. దానికంటే సులువైనది మాటల పరీక్ష. పక్కన తొక్కుతున్న మిత్రుడితో వాక్యం తెగకుండా మాట్లాడగలిగితే తీవ్రత సరిగా ఉన్నట్టు, రెండు మూడు మాటలకే ఊపిరి అందకపోతే ఎక్కువైనట్టు, పాట పాడగలిగితే ఇంకొంచెం పెంచవచ్చన్నట్టు. శ్వాస వేగం పెరిగే తీరుకూ, కండరాలు గ్లైకోజెన్‌పై ఆధారపడే తీరుకూ దగ్గరి సంబంధం ఉండడం వల్ల ఈ పరీక్ష నమ్మదగినదే. దీనికి కావలసిన పరికరం మాట్లాడే తోడు ఒక్కటే. ఒంటరిగా సాధన చేసేవారికి లేనిదీ, మిత్రబృందానికి ఉచితంగా దొరికేదీ అదే. ఒకప్పుడు తెలుగు పల్లెల్లో ఊరి మధ్య ఖాళీస్థలంలో రోజుల తరబడి దిగకుండా గుండ్రంగా సైకిల్ తొక్కే ప్రదర్శకులు ఉండేవారు. వారు నిలబడగలిగింది కూడా ఈ నిదానం వల్లనే.

నాలుగు నెలల ప్రణాళికలో వారం మధ్యలో రెండు మూడు రోజులు గంటసేపు, ఆదివారం దూరప్రయాణం ఉండడం చాలామందికి వీలైన పద్ధతి. మొదటి ఆదివారం 40 కిలోమీటర్లతో మొదలై, వారానికి పదేసి కిలోమీటర్ల చొప్పున పెరుగుతూ, ప్రతి నాలుగో వారం తగ్గించి ఒంటికి విశ్రాంతినిస్తూ పోతే, చివరి నెల నాటికి 140 నుంచి 150 కిలోమీటర్ల వరకు చేరవచ్చు. అసలు ప్రయాణానికి ముందు పూర్తి 200 తొక్కి చూడవలసిన అవసరం లేదు. 150 కిలోమీటర్లు తొక్కి మరునాడు మామూలుగా పనికి వెళ్లగలిగిన శరీరం మిగిలిన 50 కిలోమీటర్లను భరించగలదు. హైదరాబాద్ నుంచి మర్రిచెట్లకు పేరుపొందిన చేవెళ్ల దారిలో వికారాబాద్ పక్కనున్న అనంతగిరి కొండలకు వెళ్లి రావడం ఇంచుమించు ఆ 150 కిలోమీటర్ల దూరమే, పైగా చివర్లో ఎత్తు ఎక్కవలసి రావడం మంచి పరీక్ష. విశాఖపట్నం వారికి భీమునిపట్నం వరకు సాగే తీరమార్గం తొలి నెలలకు చక్కగా సరిపోతుంది. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన, సౌరఫలకాల కప్పు గల 23 కిలోమీటర్ల సైకిల్ మార్గం వారం మధ్య సాధనకు ఎంతో అనువైనది. వాహనాల భయం లేకుండా తెల్లవారుజామున తొక్కగలిగే చోటు మన నగరాల్లో దొరకడమే అరుదు. కానీ గుంతలు, కుక్కలు, ఎదురు దిశలో వచ్చే బండ్లు ఉన్న నిజమైన రోడ్డు నేర్పే మెలకువను ఆ మార్గం నేర్పదు కాబట్టి ఆదివారాలు రోడ్డు మీదనే గడవాలి.

దూరాన్ని నెమ్మదిగా పెంచాలనడానికి మరో కారణం ఉంది. శరీరంలోని అన్ని భాగాలూ ఒకే వేగంతో బలపడవు. రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మా ఒకటి రెండు వారాల్లోనే పెరుగుతుంది, కండరకణాల్లోని మార్పులు ఆరేడు వారాల్లో కనిపిస్తాయి, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువులు మాత్రం గట్టిపడడానికి నెలలు తీసుకొంటాయి. అందువల్ల రెండో నెలలో ఊపిరీ కాళ్లూ ‘ఇంకా వెళ్దాం’ అంటున్నప్పుడు మోకాలి స్నాయువులు అందుకు సిద్ధంగా ఉండవు. ఉత్సాహం పెరిగి దూరాన్ని ఒక్కసారిగా రెట్టింపు చేసినవారికి మోకాలి చిప్ప కింద నొప్పి మొదలయ్యేది ఎక్కువగా ఈ దశలోనే. బరువైన గేరులో బలంగా తొక్కడం కంటే తేలిక గేరులో నిమిషానికి 80 నుంచి 90 సార్లు పెడల్ తిరిగేలా తొక్కడం మోకాళ్లపై భారాన్ని తగ్గిస్తుంది. ఒక్కో తొక్కుడుకు వెచ్చించే బలం తగ్గి, పని గుండె, ఊపిరితిత్తుల మీదికి కొంత మళ్లుతుంది. అవి స్నాయువుల కంటే త్వరగా కోలుకొంటాయి.

మోకాలి నొప్పికి సగం కారణం సీటు ఎత్తులో ఉంటుందని చెప్పినా అతిశయోక్తి కాదు. సీటుపై కూర్చొని, మడమను పెడల్‌పై ఉంచి, పెడల్‌ను అట్టడుగుకు తెచ్చినప్పుడు కాలు నిటారుగా ఉంటే ఎత్తు దాదాపు సరిపోయినట్టే. తొక్కేటప్పుడు పాదం ముందుభాగం పెడల్‌పై ఉంటుంది కాబట్టి మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. సీటు మరీ కిందికి ఉంటే మోకాలి ముందువైపు, మరీ పైకి ఉంటే వెనకవైపు నొప్పి వస్తుంది. మెత్తని సీటు సుఖమని చాలామంది కొంటారు గాని, గంట దాటాక కూర్చొనే ఎముకలు ఆ మెత్తదనంలోకి దిగిపోయి వాటి మధ్యనున్న సున్నితమైన కండపై ఒత్తిడి పడుతుంది. ఎముకల మధ్య దూరానికి తగిన వెడల్పు గల కొంచెం గట్టి సీటు, మెత్త కుట్టిన సైక్లింగ్ నిక్కరు దూరప్రయాణానికి మేలు. హ్యాండిల్‌పై శరీరభారమంతా మోపితే అరచేతి కిందుగా సాగే నరం నొక్కుకొని చిటికెన, ఉంగరపు వేళ్లు మొద్దుబారతాయి. చేతులు పెట్టే తీరును తరచు మార్చుకోవడం, నడుము, పొట్ట కండరాలను వారానికి రెండుసార్లయినా వ్యాయామంతో బలపరచుకోవడం దీనికి పరిష్కారాలు. ఈ చిన్న లోపాలు 50 కిలోమీటర్లలో తెలియవు, 150వ కిలోమీటరు దగ్గర ప్రయాణాన్ని ఆపేంతటి బాధగా మారతాయి.

ఆహారం విషయంలో తెలుగువారికి దిగుమతి వస్తువులేవీ అవసరం లేదు. గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థాన్ని పేగులు సునాయాసంగా గ్రహించగలవు. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటాయి కాబట్టి గంటకు రెండు పండ్లు ఆ లెక్కను దాదాపు నింపుతాయి. పులియబెట్టి ఆవిరిపై ఉడికించిన ఇడ్లీ త్వరగా అరుగుతుంది, నూనె తక్కువగా వేసిన పులిహోర, దద్దోజనం కడుపును ఇబ్బంది పెట్టకుండా ఉప్పునూ పిండిపదార్థాన్నీ కలిపి అందిస్తాయి, ఖర్జూరాలు, బెల్లం పాకంతో చేసిన పల్లీ చిక్కీ జేబులో ఇముడుతాయి. దారి పక్క హోటళ్లలో ఘుమఘుమలాడే పూరీ, పునుగులు మాత్రం ప్రయాణం ముగిసేదాకా వాయిదా వేయవలసినవే. కొవ్వు ఎక్కువగా ఉన్న ఆహారం జీర్ణాశయాన్ని దాటడానికి చాలా సమయం తీసుకొంటుంది, అంతసేపూ రక్తం కాళ్లకూ కడుపుకూ మధ్య పంచుకోబడి రెండింటికీ చాలదు. ఆకలి వేశాక తినడం, దాహం వేశాక తాగడం ఆలస్యమే అవుతుందని ఫ్రాన్సులో సైకిల్ యాత్రలకు ఆద్యుడిగా గౌరవం పొందిన పాల్ ద వివీ నూరేళ్ల కిందటే బోధించాడు. ఆహారం విషయంలో ఆయన మాట నేటికీ నిలుస్తుంది: గ్లైకోజెన్ పూర్తిగా అడుగంటాక కాళ్లు ఒక్కసారిగా సీసపు కడ్డీలవుతాయి, కళ్లు బైర్లు కమ్ముతాయి, చిన్న విషయానికే కోపం వస్తుంది, ఆ స్థితి నుంచి కోలుకోవడానికి అరగంటకు పైగా పడుతుంది. మాటకారి మిత్రుడు హఠాత్తుగా మౌనం వహించడం చాలాసార్లు ఈ స్థితికి తొలి గుర్తు. దాన్ని గమనించి అతడి చేతిలో పండు పెట్టవలసినది పక్కవారే, ఎందుకంటే చక్కెర తగ్గిన మెదడు తన సంగతిని తాను గుర్తించలేదు.

నీటి విషయంలో మరికొంత వివేచన అవసరం. మన వాతావరణంలో గంటకు అర లీటరు నుంచి లీటరున్నర వరకు, కొందరికి అంతకంటే ఎక్కువగా చెమట పడుతుంది, దానితోపాటు సోడియం పోతుంది. తెలంగాణ, రాయలసీమ ప్రాంతాల పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియకుండా ఆరిపోతుంది గనుక నష్టాన్ని తక్కువగా అంచనా వేస్తారు. కోస్తాలో గాలిలో తేమ వల్ల చెమట ఆరక కారిపోతుంది, ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. ఇలాంటిచోట ఉత్త నీళ్లను అదేపనిగా తాగుతూ పోతే రక్తంలో సోడియం పలచబడి తలనొప్పి, వాంతులు, తీవ్రమైతే మూర్ఛ దాకా రావచ్చు. అందువల్ల గంటకు ఇన్ని లీటర్లని బలవంతంగా తాగడం కంటే, దాహాన్ని అనుసరిస్తూ, ఉప్పు వేసిన మజ్జిగ గాని, ఓఆర్‌ఎస్ గాని మధ్యమధ్య తీసుకోవడం క్షేమం. కొబ్బరినీళ్లలో పొటాషియం పుష్కలం గాని సోడియం తక్కువ కాబట్టి వాటితోపాటు ఉప్పుగా ఉన్నదేదైనా తినాలి. ఎండకు శరీరం అలవాటు పడడానికి పది నుంచి పద్నాలుగు రోజులు చాలు. ఆ గడువులో చెమట త్వరగా పట్టడం మొదలై, అందులోని ఉప్పు శాతం తగ్గుతుంది. ఆగస్టులో సాధన మొదలుపెట్టి, డిసెంబరు చల్లదనంలో మొదటి బ్రెవెకు వెళ్లే బృందం అన్నివిధాలా తెలివైన కాలాన్ని ఎంచుకొన్నట్టు.

బృందంలో ఒకరు ఎంత సాధన చేసినా వెనకబడుతున్నప్పుడు దానిని బద్ధకంగా భావించే ముందు చూడవలసినది హిమోగ్లోబిన్. కండరాలకు ఆక్సిజన్‌ను మోసేది అదే కాబట్టి అది తగ్గితే ఎంతటి పట్టుదలైనా ఊపిరిని పెంచలేదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మధ్య మహిళల్లో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. అంటే ముగ్గురు స్త్రీలున్న సైకిల్ బృందంలో ఒకరిద్దరికి ఆ లోపం ఉండే అవకాశం చాలా ఎక్కువ, వారు మిగిలినవారితో సమానంగా సాగుతున్నారంటే రెట్టింపు శ్రమ చేస్తున్నారన్నమాట. ఒక చిన్న రక్తపరీక్ష, వైద్యుల సలహాపై ఐరన్ మాత్రలు, కొన్ని నెలల ఓపిక ఈ తేడాను చెరిపివేయగలవు. నలభై దాటినవారు, కుటుంబంలో గుండెజబ్బు చరిత్ర ఉన్నవారు, రక్తపోటు గాని మధుమేహం గాని ఉన్నవారు సాధన మొదలుపెట్టకముందే వైద్యుణ్ణి కలవడం తప్పనిసరి. ఇన్సులిన్, మరికొన్ని మధుమేహం మందులు వాడేవారిలో దూరప్రయాణం చక్కెరను ప్రమాదకరంగా తగ్గించగలదు గనుక మందు మోతాదు గురించి ముందే మాట్లాడుకోవాలి, తోటివారికి ఆ సంగతి దాచకుండా చెప్పాలి.

గుంపుగా తొక్కడంలో భౌతికశాస్త్ర పరమైన లాభం ఒకటుంది. ముందు వెళ్లేవారు గాలిని చీల్చుకొని పోతే వెనకవారికి ఎదురుగాలి తగ్గుతుంది. వేగాన్ని బట్టి, దూరాన్ని బట్టి వెనకవారి శ్రమలో ఇరవై, ముప్పై శాతం దాకా ఆదా కావచ్చు. ఎదురుగాలి బలంగా వీచే పొలాల మధ్య రోడ్డుపై బలమైనవారు ఎక్కువసేపు, అలసినవారు తక్కువసేపు ముందుండడం అనేది దయాగుణం కాదు, బృందం మొత్తం శక్తిని సమంగా వాడుకొనే పద్ధతి. కానీ ఈ లాభానికి వెల ఉంది. వెనకనున్నవారికి రోడ్డు కనిపించదు. అందుకే ముందున్నవారు గుంత వచ్చినా, గుర్తులేని స్పీడు బ్రేకరు వచ్చినా, గొర్రెల మంద అడ్డుపడినా చేత్తో చూపుతూ గట్టిగా హెచ్చరించాలి. కోతల కాలంలో రైతులు తారురోడ్డుపై ఆరబోసిన వడ్లు సైకిల్ చక్రానికి ఇసుకకంటే ప్రమాదకరం. వాటి అంచున పరచిన రాళ్లు మసకవెలుతురులో అసలే కనిపించవు. చక్రానికి చక్రం ఆనుకొనేంత దగ్గరగా తొక్కే నేర్పు వృత్తి క్రీడాకారులది. మిత్రబృందాలు ఒక సైకిల్ పొడవు ఎడం ఉంచుకొంటే గాలి లాభం కొంత తగ్గినా పళ్లు, ఎముకలు భద్రంగా ఉంటాయి.

చివరి రెండు వారాల్లో దూరాన్ని దాదాపు సగానికి తగ్గించి, తొక్కే వేగాన్ని మాత్రం యథాతథంగా ఉంచడం శాస్త్రం ఆమోదించిన పద్ధతి. అప్పటిదాకా పోగుపడిన అలసట ఈ వారాల్లో తీరి, సంపాదించిన సామర్థ్యం బయటపడుతుంది. చదవని పాఠాలు పరీక్ష ముందురోజు చదివినట్టు ఆఖరి ఆదివారం 150 కిలోమీటర్లు తొక్కితే అలసట మిగులుతుంది తప్ప బలం రాదు. ఈ ఖాళీ సమయాన్ని చేతిపనికి వాడుకోవాలి. బ్రెవెలో తనిఖీ కేంద్రాల మధ్య బయటివారి సాయం నిషిద్ధం గనుక వెనకచక్రం విప్పడం, ట్యూబు మార్చడం, టైరు లోపల గుచ్చుకొన్న ముల్లును వేలితో తడిమి తీయడం, తెగిన చైనును కలపడం ప్రతి ఒక్కరికీ రావాలి. బృందంలో ఒక్కరికే ఆ పని వచ్చి, ఆ ఒక్కరే పది కిలోమీటర్లు ముందున్నప్పుడు కలిగే నిస్సహాయత మాటల్లో చెప్పలేనిది. మనిషికి రెండు ట్యూబులు, ఒక పంపు, టైరు లివర్లు అనేవి పంచుకొనే వస్తువులు కావు.

ముందుగా తేల్చుకోవలసిన మరో విషయం ఎంతో సున్నితమైనది. 130వ కిలోమీటరు దగ్గర ఒకరు ఇక సాగలేనప్పుడు మిగిలినవారు ఏమి చేయాలి? ఆ క్షణంలో నిర్ణయించడం కష్టం, ఎందుకంటే అలసినవారు తమ కోసం ఎవరూ ఆగవద్దని మొహమాటపడతారు, బలంగా ఉన్నవారు వదిలి వెళ్లడానికి సిగ్గుపడతారు, ఆ తర్జనభర్జనలో అందరి గడువూ దాటిపోతుంది. ఒంట్లో బాగోలేకపోతే ఒకరు తోడుగా ఉండి సురక్షితమైన చోటికి చేర్చాలని, కేవలం అలసట అయితే వేగం తగ్గించి అందరూ కలిసే సాగాలని, సైకిల్ మరమ్మతుకు ఇంత సమయం మించితే మిగిలినవారు ముందుకు కదలాలని ఇంటి దగ్గరే మాట అనుకొన్న బృందాలు దారిలో తగవు పడవు. ప్రయాణాన్ని మధ్యలో వదిలేయడంలో అవమానమేమీ లేదు. ఛాతీలో నొప్పి, ఎండలో చెమట ఆగిపోవడం, మాట తడబడడం, కళ్లు మూతలు పడడం కనిపించినప్పుడు ఆపించడమే మిత్రధర్మం.

200 కిలోమీటర్లు ముగిసిన తరువాత ముద్రలు పడిన కార్డును నిర్వాహకులు తీసుకొంటారు. ఫలితాలు ఫ్రాన్సులోని ఆడాక్స్ క్లబ్ పారిజియన్ దాకా వెళ్లి నమోదవుతాయి. 1891లో మొదటిసారి పోటీగా జరిగి, 1931 నుంచి స్వేచ్ఛావేగపు బ్రెవెగానూ నడిచి, ఇప్పుడు నాలుగేళ్లకొకసారి జరుగుతున్న 1,200 కిలోమీటర్ల పారిస్–బ్రెస్ట్–పారిస్ యాత్రకు అర్హత కూడా ఈ చిన్న కార్డులతోనే మొదలవుతుంది; యాత్ర జరిగే ఏడాదిలో 200, 300, 400, 600 కిలోమీటర్లను పూర్తిచేసినవారికే అక్కడ అవకాశం. కానీ ఎక్కువ బృందాల ఆలోచన అంత దూరం పోదు, 300 దగ్గర ఆగుతుంది. దాని గడువు 20 గంటలు కాబట్టి అందులో రాత్రి తప్పదు; కళ్లకు ఎదురువాహనాల వెలుగు అలవాటు కావాలి, తెల్లవారుజామున మూడు గంటలప్పుడు శరీరం నిద్రకు జారే తీరు తెలియాలి, దీపం బ్యాటరీ ఎన్ని గంటలు నిలుస్తుందో లెక్క ఉండాలి. అందుకని మరుసటి నెల నుంచి వారి సాధన ఆదివారం ఉదయం నుంచి శనివారం రాత్రికి మారుతుంది, భోజనాలయ్యాక ఇళ్లముందు సైకిళ్ల వెనక ఎర్రదీపాలు ఒక్కొక్కటిగా వెలుగుతాయి.